కోటు మందంగానే ఉన్నా మైదానంలో చలెందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. చలికాలమంతా శనివారం ఉదయాల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఉంటాయి. గంటన్నర సేపు మైదానం గీత పక్కన నిలబడి చూడాలి. ఈ ఏడాది పనిగట్టుకుని మందపాటి కోటు కొనుక్కున్నాను. దాంతోపాటు జీన్స్, రెండు జతల కాటన్ సాక్స్, కాన్వాస్ బూట్లు వేసుకుంటాను. అయినా విరామం రాకముందే పాదాలు మొద్దుబారిపోతాయి, ఆ తర్వాత ఒళ్లంతా వణుకు. నిక్కరులో ఆడే మా వాడికి మాత్రం చెమటలు పడుతుంటాయి. మొన్న తట్టుకోలేక రెండో సగమంతా కారులోనే కూర్చున్నాను. వాడేమీ అనలేదు గానీ నాకే మనసొప్పలేదు. మూడేళ్ల పాపను కూడా స్ట్రోలర్‌లో వెంట తీసుకెళ్లాలి. వచ్చే వారం నుంచి మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకు షుగర్ ఉంది. ఇంతకన్నా మంచి కోటు కొనాలా? లేక నాకే అందరికన్నా చలి ఎక్కువా?

సమాధానం: ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఇంకో కోటు కొనకండి. మీరు రాసిన వివరాలు చూస్తే మీ కోటు తన పని తాను చేస్తూనే ఉంది. చలి దూరుతున్నది మిగతా చోట్ల నుంచి. అందులో మొదటిది పాదాలు, రెండోది జీన్స్. మీ ఒంట్లో లోపమేమీ లేదు.

మీరూ మీ అబ్బాయీ ఒకే మైదానంలో ఉన్నారు గానీ ఒకే చలిలో లేరు. కదలకుండా ఉన్న పెద్దవాళ్ల శరీరం పుట్టించే వేడి సుమారు 100 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బు ఇచ్చేంత. బంతి వెంట పరుగెత్తే పిల్లవాడి ఒళ్లు ఊరికే కూర్చున్నప్పటికన్నా ఆరేడు రెట్లు వేడిని పుట్టిస్తుంది. దుస్తుల వెచ్చదనాన్ని కొలిచేందుకు శాస్త్రవేత్తలు 1941లో ‘క్లో’ అనే కొలమానాన్ని పెట్టారు. 21 డిగ్రీల సెల్సియస్ ఉన్న గదిలో తీరిగ్గా కూర్చున్న మనిషికి హాయిగా ఉండేందుకు సరిపోయే దుస్తులు ఒక క్లో. మామూలు సూటు వేసుకుంటే ఇంచుమించు అంత. సున్నా డిగ్రీల్లో ఊరికే నిలబడాలంటే మూడు క్లోలకు పైనే కావాలి. అదే చలిలో పరుగెత్తేవాడికి ఒకటి కూడా ఎక్కువే. కాబట్టి వాడి నిక్కరును చూసి మీ దుస్తులను అంచనా వేసుకోవద్దు. పక్కన కుక్కను నడిపించుకుంటూ వెళ్లే పెద్దమనిషిని చూసి అసలే వద్దు. ఆయన నడుస్తున్నాడు, మీరు నిలబడ్డారు.

ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి ‘ఇది చాలు’ అనుకున్నన్ని బట్టలు మైదానంలో చాలవు. గుమ్మం దగ్గరే ‘ఇది కాస్త ఎక్కువేమో’ అనిపించిన దగ్గర మొదలుపెట్టండి.

ఇక పాదాలు. ఎక్కువసేపు వీటి గురించే రాస్తాను, ఎందుకంటే మైదానం పక్కన నిలబడే తల్లిదండ్రుల్లో చాలామంది ఓడిపోయేది ఇక్కడే. కాన్వాస్ బూటు అడుగు పలచన, పైన గుడ్డ. ఉదయం పూట గడ్డి మీద మంచు తడి ఉంటుంది. పది నిమిషాల్లో ఆ తడి బొటనవేలి దగ్గర గుడ్డలోంచి లోపలికి దిగుతుంది, కాటన్ సాక్స్ దాన్ని పీల్చుకుని పట్టుకుంటాయి. నీరు, కదలని గాలి కన్నా సుమారు 24 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అంటే తడి సాక్స్ వేసుకోవడం, ఒక రకంగా చూస్తే, పాదాలను చల్లబరిచే ఏర్పాటు మనమే చేసుకోవడం. పైగా మీరు రెండు జతలు వేస్తున్నారు. రెండు జతలకు సరిపడా బూటులో చోటుంటే పరవాలేదు. చోటు లేకపోతే వేళ్లు బిగుసుకుపోతాయి, రక్తం సరిగ్గా ఆడదు, సాక్స్ పొరల మధ్య గాలి కూడా మిగలదు. వెచ్చదనం ఇచ్చేది నిజానికి గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. దాన్ని నొక్కేస్తే రెండో జత వేసి కూడా ప్రయోజనం ఉండదు, ఒక్కోసారి ఎదురు నష్టం కూడా.

నేనైతే ఇలా చేయమంటాను. నీరు దిగని, మందమైన అడుగున్న బూట్లు, మామూలు కొలత కన్నా కాస్త వదులుగా ఉండేవి తీసుకోండి. లోపల కాలివేళ్లను హాయిగా ఆడించగలగాలి. వాటిలోకి ఒకే జత మందపాటి ఉన్ని సాక్స్. ఆ సాక్స్‌ను ఇంట్లో వేసుకోకండి, సంచిలో పెట్టుకోండి. కారులో హీటరు వేసుకుని వచ్చేసరికి పాదాలకు తెలియకుండానే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మే తర్వాత చల్లబడి పీడిస్తుంది. మైదానం దగ్గర కారు ఆపాక, తలుపు తీసి కూర్చుని, పాత సాక్స్ విప్పేసి పొడివి తొడుక్కుని అప్పుడు దిగండి. రెండు నిమిషాల పని. మీరు ఇదొక్కటే చేసి మిగతా సలహాలన్నీ పక్కన పెట్టినా తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత నేలకూ మీకూ మధ్య ఏదో ఒకటి ఉండాలి. ఎంత మంచి బూటైనా నేల ఎప్పుడూ తాకుతూనే ఉంటుంది, మీ బరువంతా ఆ అడుగునే నొక్కుతూ ఉంటుంది. వ్యాయామానికి వాడే ఫోమ్ చాప పాతది ఉంటే రెండు పాదాలు పట్టేంత ముక్క కోసుకుని దాని మీద నిలబడండి. అది లేకపోతే పెద్ద అట్టపెట్టెను విప్పి రెండు మూడు మడతలు వేసినా పని జరుగుతుంది, తడిసేదాకానే అనుకోండి. అట్ట మీద నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడతారేమో. మూడో వారానికల్లా పక్కవాళ్లు కూడా తెచ్చుకుంటారు. కూర్చునే చోటు లోహపు బల్లలైతే ఇంకా అన్యాయం. అల్యూమినియం ఒంట్లోని వేడిని క్షణాల్లో లాగేస్తుంది. ఆ బల్ల మీద ఫోమ్ ముక్క వేసుకోకుండా కూర్చోవడం కన్నా నిలబడటమే మేలు.

జీన్స్ విషయంలో నాకు కాస్త కోపమే. చలిలో, గాలిలో, తడిలో దానంత పనికిమాలిన వస్త్రం మరొకటి లేదు. అదీ నూలే, తడిస్తే ఆరదు, గాలిని ఆపదు, ఒంటికి అతుక్కుని తొడలు ఎర్రబడతాయి. చాలామంది పైభాగానికి నాలుగు వేసుకుని నడుము కింద ఒకే ఒక్క పొరతో వస్తారు. కాళ్లూ ఒంట్లో భాగమే కదా! లోపల ఒక పలచని థర్మల్ పైజామా, దానిపైన ఫ్లీసు లేదా ఉన్ని ప్యాంటు, గాలి ఎక్కువగా ఉన్న రోజు అన్నిటికన్నా పైన వానకు వేసుకునే ప్యాంటు. ఆ చివరిది ఒక్కటీ ఉంటే గాలి ఆగుతుంది, తడి బల్ల మీద నిశ్చింతగా కూర్చోవచ్చు. అందంగా ఉండదు, ఒప్పుకుంటాను.

ఒంటికి తగిలే పొర కాటన్ బనియను కాకూడదు. ఉన్నిగానీ, పాలియెస్టర్ థర్మల్‌గానీ ఉండాలి. మంచి ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. పాలియెస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు, చెమటను బయటికి పంపేస్తుంది, త్వరగా ఆరుతుంది. మధ్య పొర స్వెట్టరో, ఫ్లీసు జాకెట్టో. దానిపైన మీ కోటు. కోటు బిగుతుగా ఉంటే లోపలి స్వెట్టరు నలిగి గాలి పోతుంది, కాబట్టి స్వెట్టరు వేసుకుని మోచేతులు ముందుకు చాపి చూడండి, వీపు దగ్గర లాగకూడదు. మీది ఈకలు నింపిన కోటైతే చినుకు పడే రోజున జాగ్రత్త. తడిసిన ఈకలు ముద్దకట్టి వెచ్చదనాన్ని చాలావరకు పోగొడతాయి. పాలియెస్టర్ దూది నింపినవి తడిలో కాస్త నయం.

కారు దిగి సామాను మోసుకుంటూ మైదానం చివరిదాకా నడిచేటప్పుడు కోటు జిప్పు తీసేసి ఉంచండి, లేదా కోటు చేతిలోనే పట్టుకోండి. మొదట్లో వచ్చే ఆ కాసింత చెమటే తర్వాత గంటసేపు వీపును చల్లగా అంటిపెట్టుకుని ఉంటుంది. నిలబడే చోటికి చేరాక, ఇంకా వెచ్చగా ఉండగానే, అన్నీ వేసుకుని జిప్పు పైదాకా లాగేయండి. చలి పుట్టాక వేసుకుందామని ఆగితే ఆలస్యమైనట్టే. నడుము పైభాగం చల్లబడుతుందనగానే శరీరం ముందుగా చేతులకు, కాళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించి గుండె, ఊపిరితిత్తుల దగ్గర ఉంచుకుంటుంది. వేళ్లు కొంకర్లు పోయాక గ్లౌజులు వేసుకుంటే ఆ గ్లౌజుల్లో ఉండేది చల్లని వేళ్లే.

గాలిని తక్కువగా చూడొద్దు. థర్మామీటరు 5 డిగ్రీలు చూపిస్తున్నా, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే ముఖం మీది చర్మానికి అది సున్నా డిగ్రీల్లా తగులుతుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ఇది. మైదానాలకు చుట్టూ ఏ అడ్డూ ఉండదు కాబట్టి, వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత పక్కనే ఉండే గాలి వేగం కూడా చదవండి. గాలికి వీపు పెట్టి నిలబడగలిగే వైపు ఎంచుకోండి. మైదానానికి ఆ వైపు మీ వాళ్ల జట్టు పెద్దలు లేకపోతే ఏమైంది?

తలలోంచే సగం వేడి పోతుందని మీకెవరైనా చెప్పి ఉంటే అది నిజం కాదు. పెద్దవాళ్లలో తల వైశాల్యం ఒంట్లో పదో వంతు, దాదాపు ఆ మేరకే వేడి పోతుంది. కానీ తల, మెడ, చెవులు చలిని ఎక్కువగా గ్రహిస్తాయి, అందుకే టోపీ పెట్టుకోగానే ఒళ్లంతా హాయిగా అనిపిస్తుంది. చెవులు పూర్తిగా కప్పే ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు చాలు. మరీ ఈదురుగాలి వీచే రోజున మంకీ క్యాప్ పెట్టుకోండి, మీ అబ్బాయి సిగ్గుపడినా సరే.

చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా నాలుగు వేళ్లూ ఒకే గూటిలో ఉండేవి వెచ్చన. పక్కపక్కన ఉన్న వేళ్లు ఒకదానికొకటి వేడినిచ్చుకుంటాయి. ఫోటోలు తీయడానికి వాటిని విప్పుతూ ఉంటే ప్రయోజనం ఉండదు కాబట్టి లోపల పలచని గ్లౌజులు, పైన ఈ మందపాటివి వేసుకోండి. ఆటంతా ఫోనులో పట్టాలని చూసేవాళ్లకే మొదట వేళ్లు పోతాయని నా అనుమానం.

జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు దొరుకుతాయి. లోపల ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి ఉంటాయి. పొట్లం విప్పగానే గాలి తగిలి ఇనుము తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. చేతుల కోసం చేసినవాటిని బూటులో పెడితే అక్కడ గాలి ఆడక సరిగ్గా వేడెక్కవు. పాదాలకు వేరేగా చేసినవి ఉంటాయి, వాటిని సాక్ మీద అంటించాలి, చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు.

ఇక్కడే మీ అత్తగారి మాట చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బూటులోని పొట్లం కాలుతున్నా ఆవిడకు తెలియకపోవచ్చు, చలికి వేళ్లు దెబ్బతింటున్నా తెలియకపోవచ్చు. కాబట్టి ఆవిడ పాదాలకు వేడి పొట్లాలు వద్దు. వీపున్న మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లి, సీటు మీద మందపాటి ఫోమ్, కాళ్ల కింద చాప ముక్క వేయండి. దుప్పటిని ఒళ్లో కప్పి వదిలేయకుండా, ముందు కుర్చీలో పరిచి, ఆవిడ కూర్చున్నాక రెండు వైపుల నుంచీ మీదికి తెచ్చి మడవండి. మడత కుర్చీలకు కింద ఉండేది పలచని గుడ్డే, చలిగాలి అటు నుంచే తగులుతుంది. ‘చలిగా ఉందా అత్తయ్యా’ అని అడిగితే ‘లేదమ్మా’ అనే అంటారు, ఆ మాటను నమ్మకండి. మాట తడబడుతుందా, వణుకు ఆగడం లేదా అన్నది మీరే గమనించండి. ఇంటికి వచ్చాక పాదాలు ఒకసారి చూడండి. మొదటిసారి సగం ఆట చూపించి ఇంటికి తీసుకొస్తే చాలు.

పాప సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ అందరికన్నా ఎక్కువ చలి తగిలేది ఆ స్ట్రోలర్‌లో కూర్చున్న మనిషికే. తోసే మీరు నడుస్తారు, ఆమె కదలదు. మీకన్నా ఒక పొర ఎక్కువే వేయండి. చేతులు పట్టుకుని చూసి నిర్ణయించొద్దు, పిల్లల చేతులు ఊరికే చల్లబడతాయి. మెడ వెనక, వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరే. చెమ్మగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టు. స్ట్రోలర్ సీటు కింద కూడా ఒక దుప్పటి పరవండి. పైన ప్లాస్టిక్ కవరు వేస్తే గాలాడే సందు ఉంచండి, ముఖం మీదికి దుప్పటి కప్పకండి. మూడేళ్ల పిల్ల కాబట్టి ప్రతి పావుగంటకూ దింపి పరిగెత్తించండి. ఆమె వెంట మీరూ పరిగెత్తక తప్పదు, అదీ మంచిదే. తిరిగి కారెక్కేటప్పుడు మాత్రం ఉబ్బుగా ఉండే కోటు విప్పి సీటులో కూర్చోబెట్టండి. బెల్టు బిగించినట్టే కనిపిస్తుంది గానీ ప్రమాదం జరిగితే కోటులోని గాలి నలిగిపోయి బెల్టు వదులవుతుంది. బెల్టు పెట్టాక పైన కోటు కప్పండి.

ఫ్లాస్కులో వేడివేడిగా ఏదైనా తీసుకెళ్లండి. ఒక మాట చెప్పనా? లెక్కకు అది పెద్దగా వేడినివ్వదు. 60 డిగ్రీల పానీయం పావు లీటరు తాగితే ఒంటికి అందే వేడి ఆరు కిలోకాలరీల లోపే, శరీరం ఊరికే ఉన్నా గంటకు 80కి పైగా పుట్టించుకుంటుంది. అయినా రెండు చేతులా కప్పు పట్టుకున్న ఆ ఐదు నిమిషాల సుఖాన్ని నేను తీసిపారేయను. దానితో పాటు తినడానికి ఏదైనా ఉంటే ఒంట్లో వేడి పుట్టడానికి అదే ఎక్కువ పనికొస్తుంది. మద్యం మాత్రం ఎవరిచ్చినా వద్దు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది.

మీ అబ్బాయికి ఎక్కువ బట్టలు తొడిగించాలని ఆరాటపడకండి. ఆడుతున్నంతసేపూ వాడికి పలచని థర్మల్, గ్లౌజులు చాలు. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం లోపలి చొక్కా రంగు జెర్సీ చేతి రంగుతో కలవాలి, పిల్లల ఆటల్లో ఎంత పట్టించుకుంటారో కోచ్‌ను అడిగి తెలుసుకోండి. మెడకు మఫ్లరు కట్టి పంపవద్దు. నిబంధనలు రూపొందించే అంతర్జాతీయ బోర్డు గొట్టంలాంటి మెడ తొడుగులను కూడా ఆటగాళ్లు వాడకూడదని 2011లో తేల్చింది, మెడకు ప్రమాదమని. వాడికి అసలు చలి పట్టేది బయట కూర్చోబెట్టినప్పుడు, ఆట అయిపోయాక. చెమటతో తడిసిన చొక్కా మీద గాలి తగిలితే వాడి గతీ మీ గతే. బెంచీ దగ్గర పెద్ద కోటు ఒకటి ఉంచండి. ఆట ముగియగానే గోల్‌ల గురించి మాట్లాడుకోవడం తర్వాత, ముందు తడి చొక్కా విప్పించి పొడిది తొడిగించండి.

కారులో కూర్చోవడం గురించి మనసు కష్టపెట్టుకోవద్దు గానీ సమయం మార్చుకోండి. రెండో సగమంతా కాకుండా విరామంలో వెళ్లి, పైకోటు విప్పి, పది నిమిషాలు వెచ్చబడి రండి. కోటుతోనే హీటరు ముందు కూర్చుంటే చెమట పట్టి మళ్లీ మొదటికొస్తుంది. మొద్దుబారిన పాదాలను హీటరు గాలికి నేరుగా పెట్టకండి, గట్టిగా రుద్దకండి. స్పర్శ లేనప్పుడు కాలినా తెలియదు. సాక్స్ మార్చి, వేళ్లు ఆడిస్తూ నెమ్మదిగా వెచ్చబడనివ్వండి.

ఇవన్నీ పాటించాక కూడా మీ చేతి వేళ్లు ఉన్నట్టుండి పాలిపోయి తెల్లగా, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రగా మంట పుడుతుంటే అది మామూలు చలి కాకపోవచ్చు. రేనాడ్స్ అనే ఇబ్బంది కొందరికి ఉంటుంది, ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి జాగ్రత్తలతో సర్దుకుపోతుంది, కొందరిలో వేరే జబ్బుకు గుర్తు కావచ్చు. ఈసారి అలా జరిగితే, డాక్టరు గదిలోకి వెళ్లేసరికి వేళ్లు మామూలుగా అయిపోతాయి కాబట్టి, తెల్లబడినప్పుడే మైదానంలో ఒక ఫోటో తీసి పెట్టుకుని ఆయనకు చూపించండి.